వణకని చుక్క

తార్నాక మెట్రో స్టేషన్ దిగి, క్యాంపస్ వెనక గేటులోంచి లోపలికి పోతే, హాస్టళ్లు దాటాక రోడ్డు సన్నబడుతుంది. వీధిదీపాలు అక్కడితో ఆగిపోతాయి. ఆ చీకటి చివర ఒక పాత రాతి బిల్డింగు. దాని కప్పు మీద పెద్ద ఇనుప గిన్నె ఒకటి ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉంటుంది.

పొద్దుగూకినాక ఆ బిల్డింగు పేరెత్తితే ఏ ఆటో అటు తిరగదు.

"గంత దూరం రాను మేడం, గేటు కాడ్నే దిగుండ్రి" అంటాడు ఆటో అతను. మీటరు మీద ఎంత ఎక్కువ ఇస్తానన్నా సరే... రాడు.

ఎందుకంటే — ఆ గిన్నె రాత్రిపూట తనంతట తాను తిరుగుతుందట. మనిషి ఉండడు. గాలి ఉండదు. ఉన్నట్టుండి కప్పు మీద మూలుగు వినిపిస్తుంది, ముసలాయన మంచం మీద పక్కకి ఒత్తిగిల్లినట్టు. గిన్నె మెల్లగా తల ఎత్తుతుంది. పడమటి నుంచి తూర్పుదాకా ఆకాశంలో ఎవరినో వెతుక్కుంటూ పోతుంది. ఆ తర్వాత తల వాల్చేసి... మళ్లీ ఇనుము ఇనుములా పడి ఉంటుంది. అది చూసిన హాస్టల్ పిల్లవాడొకడు జ్వరం తెచ్చుకుని ఊరికి పోయాడని చెప్పుకుంటారు.

అది బయటివాళ్ల దెయ్యం. లోపల పనిచేసేవాళ్లు ఆ మాట వింటే నవ్వుతారు. అది గిన్నె కాదు, యాంటెన్నా. పైన తిరిగే ఒక చిన్న ఉపగ్రహం గంటన్నరకోసారి క్యాంపస్ మీదుగా పోతుంది. అలా పోయే ఆ కాసేపటినే వాళ్లు 'పాస్' అంటారు. ఆ కాసేపూ యాంటెన్నా దాని వెంటే తిరిగి, అది చెప్పేది వింటుంది. పళ్లచక్రాలు పాతవి కాబట్టి మూలుగుతుంది. అంతే.

కానీ లోపలివాళ్లకీ ఒక దెయ్యం ఉంది. దాని మాట వస్తే మాత్రం వాళ్లెవరూ నవ్వరు.

* * *

నరహరి సార్ అని ఒక పెద్దాయన ఉండేవారు. ఆ ఉపగ్రహం మీద టెలిస్కోపు పెట్టించింది ఆయనే. ఎక్కడో దూరాన ఒక నక్షత్రం పేలిపోతే అప్పటిదాకా ఖాళీగా ఉన్నచోట చుక్కంత వెలుగు పుడుతుంది. కొన్ని గంటలు వెలిగి ఆరిపోతుంది. అది ఆరేలోపు పట్టుకుని, దేశదేశాల టెలిస్కోపుల వాళ్లకి 'ఇటు చూడండి' అని కబురు పెట్టాలి. ఆ గదిలో పని ఇదే.

రోజూ అవే ఫోటోలు, అవే చుక్కలు. చూసి చూసి కన్ను మొద్దుబారుతుంది. బళ్లో లెక్కల పంతులు ఒక్కోసారి బోర్డు మీద కావాలనే తప్పు లెక్క వేస్తాడు, ఎవరు మెలకువగా ఉన్నారో చూద్దామని. వెనక బెంచీ నుంచి ఎవడో "సార్, తప్పు!" అని అరిస్తే పంతులికి లోలోపల ఎంత సంతోషమో! నరహరి సార్ అదే పని ఆకాశం మీద చేశారు. ఉపగ్రహంలోనే ఒక చిన్న ప్రోగ్రాం పెట్టారు. అది అప్పుడప్పుడూ ఫోటో మీద ఒక దొంగ చుక్కని గీసి పంపుతుంది. ఏది నిజం, ఏది దొంగదో ఆయనొక్కరికే తెలుసు.

దానికొక కట్టుబాటు పెట్టారు. చుక్క కనిపిస్తే అది దొంగదేమో అని తవ్వి చూడకూడదు. అలా చూడటం పరీక్షలో పక్కవాడి పేపర్లోకి తొంగిచూడటంతో సమానం. నిజమనే నమ్మి, లెక్కలన్నీ కట్టి, కబురు సిద్ధం చేసుకుని సార్ దగ్గరికి పోవాలి. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని చూసి, "ఇది నాదే" అనేవారు. లేదా, "ఇది నాది కాదు, పైవాడిది. పంపించు" అనేవారు.

ఒక వానాకాలం పొద్దున స్వీపరమ్మ తలుపు తీసేసరికి... సార్ తెర ముందు కుర్చీలో కూర్చునే ఉన్నారు. పిలిస్తే పలకలేదు.

పదకొండో రోజు అన్నాలు తినొచ్చి అందరూ గదిలో కూర్చున్న రాత్రి — ఫోటోలో ఒక కొత్త చుక్క.

తర్వాత ఇంకొకటి. ఇంకొకటి.

"నాదే" అని చెప్పే మనిషి లేడు. చుక్కలు మాత్రం వస్తూనే ఉన్నాయి.

దివాకర్ అనే కుర్రాడు ధైర్యం చేసి ఒకదాన్ని నిజమని నమ్మాడు. పెద్దవాళ్లు తర్జనభర్జన పడి కబురు పంపనిచ్చేసరికి మర్నాడు సాయంత్రమైంది. దేశదేశాల టెలిస్కోపులు అటు తిరిగాయి. అక్కడేముంది? ఉత్త చీకటి. "హైదరాబాద్ వాళ్ల దెయ్యం నక్షత్రం" అని ఎక్కడెక్కడి వాళ్లో ఎగతాళి చేశారు. దివాకర్ పని మానేసి గోల్నాకలో వాళ్లింట్లో కూర్చుని బ్యాంకు పరీక్షలకి చదువుకుంటున్నాడు.

అప్పటినుంచి ఏ చుక్క వెలిగినా ఒకటే మాట. "సార్‌ది. వదిలెయ్." సార్ కుర్చీ, దాని వీపున ఆయన తువ్వాలు... అలాగే ఉన్నాయి. రాత్రి డ్యూటీ అంటే ఎవరికి వాళ్లు ఏదో ఒక సాకు చెప్పేవాళ్లు.

చివరికి ఆ రాత్రులన్నీ సింధూజకి వచ్చిపడ్డాయి.

* * *

సింధూజది జనగామ దగ్గర పల్లె. నాన్న రాజలింగం రైతు. ఆ పిల్ల ఫిజిక్స్ చదివి, ఆ ప్రాజెక్టులో ఏడాది కాంట్రాక్టు మీద చేరింది. ఆ నెలాఖరుకి ఏడాది నిండుతుంది. ఉంచుతారో, పంపుతారో చెప్పాల్సింది ప్రాజెక్టు పెద్ద సుందరరావు గారు. ఆయన ఇంకా ఏమీ చెప్పలేదు.

తార్నాకలో ఒక హాస్టల్ గది. తోడు కృపారాణి అనే అమ్మాయి, కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్తుంది.

"ఏందే, గా దెయ్యాల కొంపకి మళ్ల తయారైనవా?" అంది ఆ సాయంత్రం కృపారాణి, చెప్పులు విడుస్తూ.

"డ్యూటీకే తల్లీ."

"నేనొచ్చేటాల్లకి నువ్వు పోతవ్, నువ్వొచ్చేటాల్లకి నేను పోత. మనం రూమ్మేట్లమా, సూర్యచంద్రులమా?"

సింధూజ నవ్వింది. ఆ రోజుకి మనిషితో మాట్లాడింది అదే మొదలు. పగలంతా కిటికీకి దుప్పటి కట్టుకుని నిద్ర. రాత్రంతా తెర. తన గొంతు తనకే కొత్తగా వినిపిస్తోందీ మధ్య.

బిల్డింగు ముందు వాచ్‌మన్ పోచయ్య కుర్చీ వేసుకుని, మఫ్లర్ చుట్టుకుని ఉన్నాడు.

"అన్నం తిన్నవా బిడ్డా?"

"తిన్న తాతా. లోపలికొచ్చి కూసోరాదు, చలిగున్నది."

"వద్దు బిడ్డా. గా సార్ బతికున్నప్పుడు రోజు చాయ్ ఇచ్చి వస్తుంటి. ఇప్పుడు లోపలికి పోతె నా చెయ్యి ఆగది... రెండు కప్పులు పోస్తది" అన్నాడు పోచయ్య, నేలవైపు చూస్తూ.

ఆమె లోపలికి పోయింది.

* * *

గదిలో ఏసీ హోరు. మిషన్ల మీద నీలం దీపాలు మినుకు మినుకు. సార్ కుర్చీ పక్కన ఇంకో కుర్చీ లాక్కుని, శాలువా కప్పుకుని కూర్చుంది.

కప్పు మీద మూలుగు మొదలైంది. ఉపగ్రహం వస్తోంది. ఫోటోలు ఒక్కొక్కటీ దిగాయి. మూలుగు ఆగింది.

మామూలు చుక్కలు. మామూలు చుక్కలు...

ఎడమ మూలన ఒకటి.

నిన్న లేదు. మొన్న లేదు. చుట్టూ ఉన్నవాటికన్నా ప్రకాశంగా, ఎవరో అప్పుడే వేలితో అద్దినట్టు.

సింధూజ సుందరరావు గారికి ఫోన్ చేసింది.

"సార్, కొత్తది ఒకటి వచ్చింది. మస్తు బ్రైట్‌గా ఉన్నది సార్. వచ్చే పాస్‌లో టెలిస్కోపు అటే తిప్పి పెడితే—"

"అది నరహరి గారిదేనమ్మా." నిద్రగొంతు. విసుగు లేదు, బాధ ఉంది. "వదిలెయ్."

"ఒకవేళ నిజమైతే సార్?"

"దివాకరూ ఇలాగే అడిగాడు. చూడు, వచ్చే పాస్ నుంచి టెలిస్కోపు వేరే సంస్థ వాళ్లకిచ్చాం. ఏడాదిగా ఎదురుచూస్తున్నారు వాళ్లు. మధ్యలో తిప్పితే వాళ్ల పని మొత్తం పోతుంది. డ్యూటీలో ఉన్నది నువ్వు, కమాండ్ ఇచ్చే అధికారం నీకుంది. కానీ రేపొద్దున అది దొంగ చుక్క అని తేలితే... నీ కాంట్రాక్టు కాగితం మీద నేను సంతకం పెట్టలేనమ్మా. పెట్టనివ్వరు."

ఫోన్ పెట్టేశారు.

గంటన్నర లోపల తేల్చుకోవాలి. తిప్పితే, దొంగదైతే... ఉద్యోగం పోతుంది, దివాకర్ పక్కన తన పేరు. తిప్పకపోతే, నిజమైతే... ఎన్ని కోట్ల ఏళ్ల కిందటో బయల్దేరిన వెలుగు ఈ రాత్రి ఇక్కడికి చేరి, పలకరించేవాళ్లు లేక ఆరిపోతుంది.

పక్కన కుర్చీ కిర్రుమంది.

సింధూజ తల తిప్పలేదు. మెల్లగా... చాలా మెల్లగా తిరిగి చూసింది. సార్ కుర్చీ. ఇందాక గోడవైపు ఉన్నది ఇప్పుడు కాస్త తెరవైపు తిరిగి ఉంది. ఏసీ గాలికే అయి ఉంటుంది. రోజూ వీచే గాలే కదా...

"సార్..." అంది. "ఇది మీదేనా సార్?"

ఏసీ హోరు.

ఆమెకెందుకో చిన్నప్పుడు నానమ్మ చెప్పిన మాట మనసులో మెదిలింది. దారిలో ఎదురైంది మనిషో దెయ్యమో తెలియకపోతే మొహం చూడొద్దు, కాళ్లు చూడమనేది నానమ్మ. మొహం ఎట్లైనా మార్చుకుంటుందట, మడమలు మాత్రం ముందుకే ఉంటాయట.

మరి చుక్కకి కాళ్లెక్కడుంటాయి?

ఆలోచించగా ఆలోచించగా, ఒకటి తట్టింది. పోతున్న బస్సులోంచి ఫోటో తీస్తే చెట్లూ ఇళ్లూ అన్నీ ఒకే తీరుగా అదురుతాయి. ఆ ఫోటో మీద తర్వాత పెన్నుతో చుక్క పెడితే, అది మాత్రం అదరదు. ఎందుకంటే అది బస్సులోంచి చూసిన చుక్క కాదు. ఉపగ్రహమూ అంతే. లోపల చక్రాలు తిరుగుతుంటే సన్నగా వణుకుతుంది. దానితోపాటు నిజం చుక్కలన్నీ వణుకుతాయి. గీసిన చుక్క... వణకదు.

వాళ్లు రోజూ చూసేది, ఎన్నో చిన్న ఫోటోలు కలిపి తుడిచి మెత్తగా చేసిన ఒక్క పెద్ద ఫోటో. అందులో వణుకు కనిపించదు. విడి ఫోటోలు వేరే చోట పడి ఉంటాయి. యంత్రం చెడితేనే తెరుస్తారు.

తెరవడమంటే కట్టుబాటు తప్పడం. సార్ పెట్టిన కట్టుబాటు. ఆయన పోయాక అది ఇంకా గట్టిపడింది, పోయినవాళ్ల మాట కదా... అందుకే ఇన్నాళ్లూ ఎవరూ తెరవలేదు.

"తప్పైతే తిట్టుండ్రి సార్" అని కుర్చీకి చెప్పి, తెరిచింది.

ముందు సార్ బతికున్నప్పుడు "నాదే" అని ఒప్పుకున్న చుక్క ఒకటి తీసింది. విడి ఫోటోలు వరసగా కదిలించింది. చుట్టూ ఉన్నవన్నీ సన్నగా వణుకుతున్నాయి. నడుమ అదొక్కటి... మేకు కొట్టినట్టు నిలబడి ఉంది.

అయితే గుర్తు సరైనదే.

ఈ రాత్రి చుక్క తీసింది. మీట నొక్కింది.

వణికింది!

పక్కనున్న చుక్కలతో కలిసి, అటూ ఇటూ, చలికి ఒకే దుప్పట్లో ముడుచుకున్న పిల్లల్లాగా... వణికింది.

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కమాండ్ సిద్ధం చేస్తూ చేస్తూ ఆగింది. ఒక అనుమానం. దివాకర్ చుక్క వెతికి తీసింది.

అదీ వణికింది.

పదకొండో రోజు రాత్రి వచ్చినది. వణికింది. ఆ తర్వాతిది. ఆ తర్వాతిది...

అన్నీ నిజాలే!

దెయ్యం అనుకుని వదిలేసిన ప్రతి చుక్కా ఒక నక్షత్రం చావు. ఒక్కసారి వెలిగి, ఇటు చూసి, ఎవరూ తలెత్తకపోతే ఆరిపోయినవి. దివాకర్ అబద్ధం చెప్పలేదు. ఆలస్యంగా చెప్పనిచ్చారు, అంతే.

సింధూజకి ఏడుపొచ్చింది. దుఃఖం ఎవరికోసమో తెలియలేదు.

మళ్లీ ఫోన్ చేసింది. చెప్పింది.

"సుందరరావు సార్... ఉన్నరా?"

"ఉన్నానమ్మా. ఆయన పోయిన వారానికే కెమెరా సాఫ్ట్‌వేర్ మొత్తం మార్చాం. నేనే దగ్గరుండి మార్పించాను. ఆ ప్రోగ్రాం అప్పుడే చెరిగిపోయింది. చెరిగినా చుక్కలొస్తుంటే... చెరగలేదేమో అనుకున్నాం. ఆయన ఇంకా ఉన్నారనుకోవడమే మాకు... సులువనిపించింది."

"సార్, పాస్ టైం అయితున్నది."

"తిప్పు తల్లీ. నా పేరు మీద తిప్పు. ఆ సంస్థ వాళ్లకి నేను చెప్పుకుంటాను."

* * *

కప్పు మూలిగింది. సింధూజ కమాండ్ పంపింది. పైన, కంటికి కనిపించని ఎత్తులో, ఒక చిన్న టెలిస్కోపు మెడ తిప్పింది.

దేశదేశాలకి కబురు పోయింది. కాసేపటికే ఒక ఎడారిలోని టెలిస్కోపు వాళ్లు జవాబిచ్చారు — 'చూస్తున్నాం. ఉంది.' ఇంకో దీవి నుంచి ఇంకో జవాబు. 'ఉంది.' గదిలో ఒక్కతే కూర్చుని ఆ మాటల్ని మళ్లీ మళ్లీ చదువుకుంది. సంతోషం చెప్పుకుందామని ఫోన్ తీసింది. కృపారాణి నిద్రలో ఉంటుంది. ఊళ్లో అమ్మ భయపడుతుంది. ఫోన్ బోర్లా పెట్టేసింది.

తెల్లారేముందు ఆఖరి పాస్. కొత్త ఫోటోలు దిగాయి.

ఆ చుక్క అక్కడే ఉంది. కొంచెం మసకబారింది. బతికున్న వెలుగు అలాగే తగ్గుతుంది. విడి ఫోటోలు తెరిచింది. వణుకుతోంది. ఇంక అనుమానం లేదు. సుందరరావు గారు లైన్లోనే ఉన్నారు, అవతల లెక్కలు రాసుకుంటూ.

"బాగుంది. బాగుంది. ఇంకేమైనా ఉందా అమ్మా ఆ ఫోటోలో?"

"చూస్తున్న సార్..."

ఫోటోని పెద్దది చేసింది. ఆ చుక్క పక్కనే... ఆనుకున్నంత దగ్గరగా... ఇంకొకటి.

గంటన్నర కింద అక్కడేమీ లేదు.

ప్రోగ్రాం చెరిగిపోయింది. దగ్గరుండి చెరిపిన మనిషి లైన్లోనే ఉన్నాడు. ఇదీ నిజమే అయి ఉండాలి. ఒకే రాత్రి, పక్కపక్కనే రెండు... ఎప్పుడూ వినలేదు. అయినా నిజమే అయి ఉండాలి.

మీట నొక్కింది.

అన్ని చుక్కలూ వణుకుతున్నాయి. పేలిన నక్షత్రం వణుకుతోంది. దాని పక్కనున్నది...

మళ్లీ నొక్కింది. మళ్లీ.

కదలలేదు.

"సింధూజా? ఏమైందమ్మా? మాట్లాడవేం?"

ఫోన్ చేతిలోంచి ఒళ్లోకి జారింది. చిత్రంగా ఆమెకి ముందున్నంత భయం వెయ్యలేదు. తెర మీద ఆ నిలకడైన చుక్కనే చూస్తూ కూర్చుంది. కిటికీ అవతల చెట్ల మీద తెలుపు తేలుతోంది. పోచయ్య బూట్ల చప్పుడు వరండాలోకి వచ్చి, గడప అవతలే ఆగింది.

"తెల్లారింది బిడ్డా. లోపల ఒక్కదానివే ఉన్నవా?"

ఆమె నోరు తెరిచింది. వెంటనే అవునని చెప్పలేకపోయింది.